ఏ కొండ గడ్డి

సోయా ముక్కల్ని వేడినీళ్ళలో వేస్తే
తడిసిన అట్టపెట్టె వాసన.
మొదటిసారి అలాగే వండేశాను.
ఉరంగూ ఒక్క కుడుము కొరికి
"అమ్మా, ఇది చెప్పు అడుగు" అంది.
దాని నోరు నేను నడిపే ట్రాలీబస్సు బ్రేకులాంటిది,
కీచుమనకుండా ఆగదు.
అబద్ధం మాత్రం కాదు.

రెండోసారి పిండాను,
ఉతికిన ఊలు చొక్కాని పిండినట్టు
పచ్చని నీళ్ళు పోయి తెల్లని నీళ్ళు వచ్చేదాకా.
మూడోసారికి తెలిసొచ్చింది
నలభై ఏళ్ళు మాంసం రుచనుకున్నది
సగం ఉల్లిపాయదేనని.
మిగతా సగం కొవ్వుది.
దాన్నెక్కడ తేను?
పుట్టగొడుగుల్ని సన్నగా తరిగి
నూనెలో నల్లబడేదాకా వదిలేశాను.
వెల్లుల్లి. మిరియం. గుప్పెడు షాజీరా.
సోయాపాలు పోసి ఉప్పు టీ కూడా కాచాను,
అది మాత్రం విరిగింది, సింకులో పోశాను.

తెల్లనెల పండుగ మూడోరోజు
ఉలాన్‌బాతర్‌లో సున్నాకి ముప్పై కింద.
అన్న చోయ్‌జిల్ వచ్చాడు,
పన్ను పీకించుకోడానికి రెండు రాత్రుల ప్రయాణం చేసి,
ఒక బుగ్గ వాచి,
ఒక భుజం మీద గోనెసంచిలో గడ్డకట్టిన గొర్రెతో.
"నీకు" అన్నాడు.
తీసుకెళ్ళి బాల్కనీలో నిలబెట్టాను.
నిజంగానే నిలబడింది.

నేను తిననని అన్నకి తెలుసు.
ఎందుకో ఎప్పుడూ అడగలేదు.
అడగక్కర్లేదు కూడా,
ఆ పులి సంవత్సరం నా పక్కనే ఉన్నాడు.

వాన పడి, రాత్రికి రాత్రి గడ్డకట్టి
మైదానమంతా అద్దం మూత బిగించినట్టయింది.
కింద గడ్డి కనిపిస్తూనే ఉంది.
గొర్రెలు గిట్టలతో తవ్వాయి,
గిట్టలు నెత్తురయ్యేదాకా తవ్వాయి,
ఆఖరికి ఒకదాని ఊలు ఒకటి పీక్కుతిన్నాయి.
మూడువందల పన్నెండు.
వసంతం వచ్చాక
కళేబరాలు పూడ్చినవాళ్ళకి తలకింతని కూలి ఇచ్చారు.
మా గొర్రెల్ని మేమే ఎత్తి గుంటలో పడేసి
సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాం.
ఆ డబ్బుతోనే నేను పట్నం బస్సెక్కాను.
ఎత్తుతుంటే ఏమీ బరువుండేవి కావు,
అదే, ముద్ద నోటిదాకా వచ్చినప్పుడల్లా
గుర్తొచ్చేది ఆ బరువు లేకపోవడమే.

ఆవిరి గిన్నె మూత తీశాను.
ఉరంగూ నావైపు చూసింది,
చెప్పొద్దని కళ్ళతోనే కసిరాను.
అన్న బాగున్న బుగ్గవైపు పెట్టుకుని
నెమ్మదిగా నమిలాడు.
ఇంకోటి తీసుకున్నాడు.
ఏ కాపరైనా అడిగే ప్రశ్నే అడిగాడు:
"ఏ కొండ గడ్డి మేసిందే ఇది?"

ఉరంగూ చెంగున వంటగదిలోకి పారిపోయింది.
నవ్వు అక్కడినించి వినిపిస్తోంది.

"మేయలేదన్నా" అన్నాను,
"ఇది మేతే."

పొట్లం తెచ్చి చూపించాను.
ఎండు ముక్కలు కొన్ని అరచేతిలో పోసుకున్నాడు.
వాసన చూశాడు.
ఆ చెయ్యి అలాగే ముందుకు చాపి ఉంచాడు కాసేపు,
నేలకి మూరెడెత్తున,
గొర్రెపిల్ల మూతికందేంత ఎత్తున.
ఏం చూస్తున్నాడో నాకు తెలుసు.
నేను కిటికీ అద్దం మీది మంచుని గోటితో గీకుతూ కూర్చున్నాను.

"బస్తా ఎంత?" అన్నాడు.

చెప్పాను.

"ఓరి దేవుడా, గొర్రెకన్నా ఖరీదు!"
నవ్వబోయి బుగ్గ పట్టుకున్నాడు.
ఒలికిన ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి
పొట్లంలో వేసి మూతి మడిచాడు,
మేతని ఎవరైనా పారేస్తారా.

తర్వాత పళ్ళెం ముందుకు జరిపాడు.
"కొవ్వు చాల్లేదు" అన్నాడు,
"పెట్టు."